ఏడో నంబరుకు ముహూర్తం

మా పాక్ యార్తో ముహూర్తం చూడనిదే కంప్యూటరు తెర జోలికి పోడు. మా దగ్గర పెద్దవాళ్ళను ఉత్త పేరుతో పిలవరు, ముందు మగవాళ్ళకైతే 'పాక్', ఆడవాళ్ళకైతే 'బు' చేర్చాలి. పెళ్ళికి ముహూర్తం చూసేవాళ్ళున్నారు, ఇల్లు కట్టడానికి చూసేవాళ్ళున్నారు, మా జోగ్జా ఊళ్ళో బావి తవ్వడానికి కూడా చూస్తారు. లినక్స్ కంప్యూటరులో తెర వ్యవస్థ మార్చడానికి ముహూర్తం పెట్టే మనిషి మాత్రం, నాకు తెలిసినంతలో, ఈ భూమ్మీద ఈయనొక్కడే. ఈయన మా ఊరివాడు, మా గుంపువాడు. ఈ మాట ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నాను. ఒకప్పుడు ఎవరైనా అడిగితే మాట మార్చేసేదాన్ని.

తెర వ్యవస్థ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. లినక్సులో తెరమీద కిటికీలు గీసేది, అక్షరాలు పరిచేది, మౌసు బాణాన్ని తిప్పేది అంతా ఒక విడి యంత్రాంగం. దాన్ని ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. కుదిరితే ఏ తేడా తెలియదు. కుదరకపోతే తెరంతా నల్లగా అయిపోయి, ఎడమపక్క పైమూలలో ఒక తెల్లగీత మిణుకుమిణుకుమంటూ మనల్ని చూస్తుంటుంది. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు నడిచిన పాత యంత్రాంగాన్ని మా లినక్స్ గుంపులో 'తాత' అంటాం. దాని స్థానంలో వచ్చినదాన్ని 'మనవడు' అంటాం. తాతను దించి మనవణ్ణి కూర్చోబెట్టడమే పాక్ యార్తో చేసే పని.

ఆయన వృత్తి వేరే. బెరింగ్‌హర్జో బజారు వెనక సందులో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పాతికేళ్ళ కిందట ఎవరో పాడైన కంప్యూటరు పారేస్తుంటే, ఇందులోనూ ఉన్నవి స్క్రూలే కదా అని తెచ్చి విప్పాడట. అక్కడ పట్టింది లినక్స్ పిచ్చి. ఇంగ్లీషు రాదు. నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మాటా వెతుక్కుంటూ చదివాడు. ఇవాళ జోగ్జాలో సగం లినక్స్ తెరలు ఆయన చేతిమీదుగా మారినవే. మగెలాంగ్ నుంచి కూడా కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని బస్సులో వస్తారు. ఆయన ఎవరినీ కాదనడు. ముహూర్తం పెట్టి పంపుతాడు.

అదెలాగంటే, మాకు ఏడు రోజుల వారంతో పాటు అయిదు రోజుల బజారు వారం ఇంకోటి ఉంది. లెగి, పాహింగ్, పోన్, వగే, క్లివోన్. ప్రతి రోజుకూ ఒక అంకె. మనిషి పుట్టిన వారం అంకె, బజారు రోజు అంకె కూడితే ఆ మనిషి గుణమేమిటో, ఏ రోజు కలిసొస్తుందో తేలుతుందని పెద్దవాళ్ళ నమ్మకం. నమ్మకం మనుషుల వరకే. పాక్ యార్తో దాన్ని కంప్యూటర్లకు తగిలించాడు.

ఎవరైనా పెట్టె తెచ్చి బల్లమీద పెట్టగానే ఆయన మొదటి ప్రశ్న ఒకటే.

"ఇది ఎప్పుడు పుట్టింది?"

"కొని నాలుగేళ్ళయిందండీ."

"కొన్నది కాదు. లినక్స్ ఎక్కించింది ఏ రోజు?"

అది ఎవరికీ గుర్తుండదు. అప్పుడాయన నల్ల కిటికీ ఒకటి తెరిచి ఏదో ఆజ్ఞ కొడతాడు. డిస్కు పుట్టిన తేదీ, గంట, నిమిషంతో సహా వచ్చేస్తుంది. ఇక కళ్ళు మూసుకుని వేళ్ళ కణుపులమీద బొటనవేలు జరుపుతూ లెక్క మొదలు. "బుధవారం పోన్. పద్నాలుగు. మొండిఘటం. వచ్చే శనివారం దాకా దీన్ని కదపకూడదు" అని తేల్చి, చొక్కా జేబులోని చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటాడు. వచ్చినవాడు తలూపి, పెట్టె సంకన పెట్టుకుని వెళ్ళిపోతాడు. ఒక్కడూ ఎందుకని అడగడు.

నేను అడిగాను. నా పేరు నింగ్రుమ్, అందరూ నింగ్ అంటారు. వృత్తివిద్యా పాఠశాలలో పిల్లలకు కంప్యూటర్లు నేర్పుతాను. కోపం ముక్కుమీద ఉంటుందని మా ఇంట్లో అంటారు, అబద్ధం కాదు. ఇంత తెలివైన మనిషి వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే నాకు ఒళ్ళు మండేది.

"ఫ్యాక్టరీలో తయారైన రోజు కదండీ దాని పుట్టినరోజు?"

"అది శరీరం అమ్మా. ప్రాణం వచ్చింది లినక్స్ ఎక్కాకే కదా."

"మరి అంతా తుడిచేసి మళ్ళీ ఎక్కిస్తే?"

"ఇంకో జన్మ."

తడుముకోకుండా చెప్పేశాడు. ఆ మాట పట్టుకుని ఆ రోజు గుంపంతా నన్ను చూసి నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు, టీలో పంచదార కలుపుకుంటూ ఉండిపోయాడు.

విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే పాక్ బస్కోరో కూడా నా లాగే నమ్మలేదు. ఆయనకు పాక్ యార్తో శుక్రవారం ముహూర్తం పెట్టాడు. నేను చదివిన చదువుకి నాకొక కుట్టుమిషన్ల మేస్త్రీ తేదీ చెప్పడమేమిటని ప్రొఫెసరుగారు సోమవారమే ఇంట్లో కూర్చుని మొదలుపెట్టాడు. ముందు తాతను పీకేశాడు. మనవణ్ణి ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలి. ఇంటర్నెట్ తగిలించే బొమ్మ తెరమీద ఉంటుంది. తెర లేదు. నల్లగా ఉంది, గీత మిణుకుతోంది. మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకు నూట యాభై మంది ముందు ఆ కంప్యూటరుతోనే ప్రసంగించాలి.

పాక్ యార్తో మోటారుసైకిలుమీద వెళ్ళాడు. నేనూ వెనకాల కూర్చుని వెళ్ళాను, తమాషా చూడ్డానికని ఒప్పుకుంటున్నాను. నే చెప్పలేదా అని దెప్పుతాడనుకున్నాను. అలాంటిదేం లేదు. కుర్చీ లాక్కుని, చెమటలు కక్కుతున్న ప్రొఫెసరుగారితో, "ఇది ఎప్పుడు పుట్టిందన్నారు?" అన్నాడు. ఆయన చేతులు జోడించి, "పుట్టింది శుక్రవారం లెగి, పదకొండు, మీరే చెప్పారు కదండీ" అన్నాడు. అంత చదువుకున్నవాడికీ అంకె కంఠతా వచ్చింది. పాక్ యార్తో తన ఫోనును తీగతో కంప్యూటరుకి తగిలించి ఇంటర్నెట్ ఇచ్చాడు. ఇరవై నిమిషాల్లో మనవడు వచ్చి కూర్చున్నాడు.

ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. ఫొటోకాపీ కొట్టు నడిపే ఆవిడ ఒకరు తన కంప్యూటరూ ప్రింటరూ రోజూ పోట్లాడుకుంటున్నాయని వచ్చింది. మా దగ్గర పెళ్ళి సంబంధం కుదిర్చేముందు అబ్బాయి అంకె, అమ్మాయి అంకె కూడి చూస్తారు. ఈయన ఆ రెండు యంత్రాలకూ జాతకాలు కలిపాడు. "కంప్యూటరు తొమ్మిది, ప్రింటరు పదహారు. కలిస్తే పాతిక. మధ్యలో మనిషి ఉంటే తప్ప కాపురం నిలవదు" అన్నాడు. ఆ మధ్యమనిషి కొత్త కేబులు. కేబులు మార్చాక గొడవలు ఆగిపోయాయి. ఆవిడ ఇప్పటికీ ఆ రెండింటినీ దంపతులనే అంటుంది.

అసలు కథ మా వీధి పఠనశాలది. అక్కడ మా గుంపు నిలబెట్టిన పన్నెండు పాత కంప్యూటర్లున్నాయి. వాటిలోని లినక్స్‌కు మరో ఏడాదిన్నరలో, ఏప్రిల్‌తో, మరమ్మతులు ఆగిపోతాయని తెలిసింది. మరమ్మతులు ఆగితే తలుపు గడియ ఊడిన ఇల్లే, ఎవడైనా దూరవచ్చు. కొత్త లినక్స్ ఎక్కించాలి. అందులో తాత లేనే లేడు, మనవడొక్కడే. సరే, పన్నెండూ మార్చే బాధ్యత పాక్ యార్తోకి అప్పగించాం. పన్నెండింటికీ పన్నెండు ముహూర్తాలు పెట్టాడు. మూడు నెలల్లో పదకొండు అయిపోయాయి. ఒక్కదానికీ తెర నల్లబడలేదు. ఎవరికీ ఒక్క ఫైలు పోలేదు.

ఏడో నంబరు మిగిలింది. గోడవైపు మూలనుండే కంప్యూటరు అది. ఎప్పుడండీ అంటే, "శనివారం పాహింగ్‌నాడు పుట్టింది. పద్దెనిమిది. లెక్కలో అంతకన్నా పెద్ద అంకె లేదు. మహా అహంకారి. తొందరపెడితే అలుగుతుంది" అనేవాడు. ఉపవాస మాసంలో వద్దన్నాడు. పండగయ్యాక చూద్దామన్నాడు. పండగ అయింది. పక్కనున్న ఆరో నంబరుకు ఈ మధ్యే అయింది కదా, ఒకే ఇంట్లో వెంటవెంటనే రెండు శుభకార్యాలు చెయ్యకూడదన్నాడు. ఇంకో పండగ కూడా వచ్చి వెళ్ళింది. ఏప్రిల్ దగ్గరపడింది. నేను ఎప్పుడడిగినా వేళ్ళు లెక్కపెట్టి, ఎంతో బాధగా తల అడ్డంగా తిప్పేవాడు.

ఒక మంగళవారం ఆయన మేనకోడలి పెళ్ళికి సోలో అనే ఊరు వెళ్ళాడు, నాలుగు రోజులకు. ఆ రోజు బజారు రోజు వగే. మంగళవారానికి మూడు, వగేకి నాలుగు, కూడితే ఏడు. లెక్కలో అంతకన్నా చిన్న అంకె లేదు, అంతకన్నా చెడ్డ రోజు ఉండదు. అదే సరైన ముహూర్తమని పఠనశాలకు వెళ్ళాను.

నేను అజ్ఞానిని కాదు. ఫైళ్ళన్నీ వేరే డిస్కులో దాచాను. పాతదంతా శుభ్రంగా తుడిచి కొత్తది ఎక్కించాను. తెర వెలిగింది, గీత మిణకలేదు. ఏడో నంబరు దగ్గర ఎక్కువగా కూర్చునేది బు లస్మిని. మా కెతోప్రాక్ నాటక సమాజానికి నాటకాలు రాసే మనిషి, అరవై దాటింది, చూపు కాస్త తక్కువ, తెరమీద అక్షరాలను పెద్దవిగా చూపించే భూతద్దం వాడుతుంది. కొత్తదాంట్లో భూతద్దం ఉందో లేదో చూశాను. ఉంది. మౌసు జరిపితే భూతద్దంలోని పెద్ద బొమ్మ మౌసు వెంటే నడిచింది. ఇంకేం కావాలి. వెలుగుతున్న తెర ముందు నిలబడి ఫొటో తీసుకుని, 'అహంకారి అలగలేదు' అని రాసి గుంపుకి పంపాను. అందరూ చప్పట్లు పంపారు. పాక్ యార్తో దగ్గర్నుంచి ఏమీ రాలేదు. పెళ్ళి హడావుడిలో ఉన్నాడేమో అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం బు లస్మిని వచ్చింది. ఎప్పటిలాగే అరటాకులో వేయించిన సోయా గింజల తెంపే తెచ్చి, బల్లమీద పెట్టి, కూర్చుంది. నేను నాలుగో నంబరు దగ్గర ఉన్నాను. కాసేపు టకటకా శబ్దం వినిపించింది, ఆగింది. మళ్ళీ వినిపించింది, ఆగింది. తలెత్తి చూస్తే ఆవిడ ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వంగి ఉంది. తెరమీద అరచేయంత పెద్ద అక్షరాలున్నాయి కానీ అవి మొదటి పేజీ మొదటి వరుసవి. ఆవిడ రాస్తున్నది ఎక్కడో కింద, ఆవిడకు కనపడనిచోట పడుతోంది. పెద్ద బొమ్మ మౌసు వెంట నడుస్తుంది. ఆవిడ మౌసు ముట్టుకోదు. మౌసు బాణం ఆవిడకి కనపడదు. ఆవిడకు తెలిసింది వేళ్ళూ మీటలూ, అంతే. తాత ఉన్నప్పుడు పెద్ద బొమ్మ ఆవిడ టైపు చేసే అక్షరం వెంట నడిచేది.

"దీనికి ఏదో అయింది" అంది ఆవిడ, నెమ్మదిగా.

నేను మీటలన్నీ నొక్కి చూశాను. అరగంట కుస్తీ పట్టాను. కుదరలేదు. ఆవిడ నోటికి మా వీధంతా భయపడుతుంది, నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. సంచీ తీసుకుంది.

"వచ్చే శనివారం ఆట. చివరి అంకం ఇంకా రాయలేదు. వేషగాళ్ళకు ఏదో ఒకటి చెప్తాలే" అంది. గుమ్మం దాకా వెళ్ళి, "వచ్చే ఆటకు ఇంకెవరినైనా చూసుకోమని కూడా చెప్తాను. మోకాళ్ళ నొప్పులంటాను" అని రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది. రాయడానికి మోకాళ్ళెందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ముప్ఫై ఏళ్ళుగా మా వీధి ఆడిన ప్రతి నాటకం ఆవిడ రాసిందే.

సోలోకి ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను. అవతల పెళ్ళి సంగీతం వినిపిస్తోంది. పాక్ యార్తో "వస్తున్నా" అన్నాడు. తర్వాతి రైల్లోనే వచ్చాడు, పట్టు అంచు బాతిక్ చొక్కా మార్చుకోకుండా, చేతిలో నా కోసం పెళ్ళి భోజనం పొట్లంతో. ఏడో నంబరు ముందు కూర్చుని, "నా జేబులో నోటుపుస్తకముంది, కాస్త తీసి ఏడో పేజీ చదువమ్మా, నేను టైపు చేసుకుంటాను" అన్నాడు.

ఏడో పేజీకి వెళ్ళేలోపు మిగతా పేజీలు కంటపడ్డాయి. మూడో నంబరు పేజీలో ముహూర్తం ఆదివారమని ఉంది. కింద చిన్న అక్షరాల్లో, 'పాక్ దర్మో ఆదివారం రాడు. ఎడమచేతి మౌసు. సోమవారం నేను పక్కన కూర్చోవాలి' అని ఉంది. అయిదో పేజీలో, 'కాలేజీ పరీక్షలు పన్నెండున అయిపోతాయి. పదమూడున మార్చాలి'. పాక్ బస్కోరో పేజీ కూడా ఉంది. 'మంగళవారం ప్రసంగం. అది అయ్యేదాకా ముట్టుకోనివ్వొద్దు. శుక్రవారం అని చెప్పాలి.' ప్రతి పేజీలోనూ ముందు మనిషి పేరు, ఆ మనిషి అవసరం, ఆ మనిషికి ఖాళీ రోజు, మర్నాడు తనకు ఖాళీ ఉందో లేదో. వీటన్నిటి తర్వాత, చిట్టచివర, పోన్ అనో క్లివోన్ అనో.

ఇన్నేళ్ళ నా దెప్పుళ్ళన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"అయితే ఆ అంకెలన్నీ ఉత్తివేనా?"

"అంకెలు నిజమే, మా నాన్న నేర్పినవే. ముహూర్తాలే ఉత్తివి" అన్నాడు, తలెత్తకుండా. "ఏం చెయ్యమంటావమ్మా. ఫలానా మనిషికి ఇబ్బంది అవుతుంది, నాలుగు రోజులు ఆగండి అంటే ఎవరూ ఆగరు. ఏం ఫరవాలేదంటారు, వాదిస్తారు. క్లివోన్ దాకా ఆగండంటే ప్రొఫెసర్లు కూడా నోరు మూసుకుని కూర్చుంటారు."

"నాతో అయినా చెప్పొచ్చు కదండీ."

"చెప్పకూడదు. ఏడో పేజీ చదువు."

ఏడో పేజీ మొదటి వరుస, 'బు లస్మిని. కుడికంటికి చూపు అసలు లేదు. ఎడమకన్ను పదోవంతు. ఎవరికీ చెప్పవద్దన్నారు. తెలిస్తే కలం లాక్కుంటారని భయం.' ఆ కింద పధ్నాలుగు నెలల గురువారాలున్నాయి. తేదీ వేసి, తాత దగ్గర బొమ్మ ఎలా నడుస్తోంది, ఆవిడ ఎక్కడ తడబడింది, ఎంత దూరంలో వరుస మారాలి, అన్నీ రాసుకున్నాడు. ప్రతి గురువారం ఆవిడ పక్కన కూర్చుని తెంపే తింటుంటే తిండియావ అని మేం ఎగతాళి చేసేవాళ్ళం.

తాత ఇంట్లో గదులన్నిటికీ తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. ఏ గదిలో ఎవరు ఏం టైపు చేస్తున్నారో భూతద్దానికి తెలిసేది. మనవడు జాగ్రత్తపరుడు, ప్రతి గదికీ గొళ్ళెం పెట్టాడు. మంచిదే, కానీ భూతద్దం బయట ఉండిపోయింది. గదివాడే లోపలినుంచి 'ఇక్కడ రాస్తున్నాను' అని చెప్పేలా ఒక దారి కట్టాలి. ఆ భూతద్దం తయారుచేసేవాళ్ళు ఎక్కడెక్కడి దేశాల్లోనో ఉన్నారు. వాళ్ళతో ఈయన పధ్నాలుగు నెలలుగా నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఉత్తరాలు నడుపుతున్నాడు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదట. తర్వాత ఒకాయన జవాబిచ్చాడు. చివరికి ఈయనే ఆ దారి కట్టి పంపాడు. బాగుంది, వచ్చే విడుదలలో కలుపుతామన్నారు. ఆ విడుదలకు ఇంకా మూడు వారాలుంది. అదీ ఏడో నంబరు ముహూర్తం. ఆట చూస్తే తొమ్మిది రోజుల్లో ఉంది.

పాతదే మళ్ళీ ఎక్కించేద్దామన్నాను. పాక్ యార్తో ఒప్పుకోలేదు. పాతదానికి గడియ ఊడిపోతోంది, ఆవిడ రాతలు అందులో ఉంచనన్నాడు. తను కట్టినదాన్ని విడుదల దాకా ఆగకుండా ఏడో నంబరులోనే సొంతంగా పెట్టి చూస్తానన్నాడు.

శుక్రవారం పెట్టాడు. పెద్ద బొమ్మ టైపు చేసే అక్షరం కన్నా ముందు పరిగెత్తింది. శనివారం వెనకబడింది. నేను కళ్ళకు మూడు పొరల గుడ్డ కట్టుకుని టైపు చేసి చూపించాను, నాకు చేతనైన ప్రాయశ్చిత్తం అదే. కళ్ళు తిరిగి కుర్చీలోంచి పడబోయాను. "నీకే ఇలా ఉంటే" అని ఆయన మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. కుట్టుమిషన్లు కొట్టులో పోగుపడ్డాయి. ఆదివారం సాయంత్రానికి బొమ్మ అక్షరం పక్కనే, అక్షరంతో పాటు, అడుగులో అడుగేసి నడిచింది.

ఆవిణ్ణి పిలుచుకురావడం నా వంతు. సోమవారం పొద్దున్నే వెళ్ళాను. గుమ్మంలోనే అందుకుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని నడిపిస్తావా అంది. కంప్యూటరుకి జ్వరం వచ్చింది, తగ్గిందన్నాను. దాన్ని కెలికింది ఎవరంది. నేనే అన్నాను. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది, నువ్వు ఉప్పు చూడకుండా వంట దించే రకం అంది. పోయిన గురువారం రావాల్సిన తిట్లన్నీ దారి పొడవునా తిట్టింది. తిడుతున్నంతసేపూ నాకు ప్రాణం లేచొచ్చింది.

పాక్ యార్తో కుర్చీ పక్కకు జరిపి నిలబడ్డాడు. ఆవిడ కూర్చుని చివరి అంకం తెరిచింది. ఒక వరుస టైపు చేసింది. ఇంకో వరుస. పేజీ మారింది, బొమ్మ వెంటే వచ్చింది. వెనక్కు వెళ్ళి ఒక మాట తుడిచింది, బొమ్మ వెనక్కు వచ్చింది. కుట్టుమిషన్ల నూనె అంటిన ఆయన వేళ్ళు చొక్కా గుండీని తిప్పుతున్నాయి.

"ఏం మార్చారు దీంట్లో?" అంది ఆవిడ. "ఎప్పట్లాగే ఉందిగా."

ఆయన మొహం చూడాల్సింది. ఇంతకంటే పెద్ద బిరుదు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. "ఏం మార్చలేదండీ" అన్నాడు. "రాసుకోండి."

ఆవిడ బుధవారానికి రాసేసింది. శనివారం ఆట ఆడారు. రాజు వేషం వేసిన టోఫు వ్యాపారి రెండుచోట్ల మాట మర్చిపోయాడు, అది రచయిత్రి తప్పు కాదు. వచ్చే ఆటకు కూడా ఆవిడే రాస్తోంది. మోకాళ్ళు తగ్గాయని సమాజానికి కబురు పంపింది.

మూడు వారాలకు ఆ భూతద్దం కొత్త విడుదల వచ్చింది. ఇప్పుడు ఎక్కడ ఏ దేశంలో చూపు తక్కువ మనిషి దాన్ని తెరిచి ఒక్క అక్షరం కొట్టినా, పెద్ద బొమ్మ ఆ అక్షరం వెంట నడుస్తుంది. ఆ నడక నేర్పింది మా బజారు వెనక సందులోని కుట్టుమిషన్ల మేస్త్రీ. నాకు ఆయన పక్కన నిలబడాలంటేనే గర్వంగా ఉంటుంది, ఎవరేమనుకున్నా సరే.

విడుదలతో పాటు ఒక జాబితా కూడా ఇస్తారు. ఎవరు ఏం చేశారు, ఎవరికి కృతజ్ఞతలు అని. పాక్ యార్తో తన పేరు వేయమని అడగలేదట. లస్మిని అనే ఆమె ప్రతి గురువారం చెప్పినవి నేను రాసి పంపాను, అంతే, అని రాశాడట. అందుకని వాళ్ళు ముందు ఆవిడ పేరు, తర్వాత ఈయన పేరు వేశారు. ఆ గురువారం ఏడో నంబరుమీద ఆ పేజీ తెరిచి ఆవిడకు చూపించాం. తెరంతా ఒక్క పేరు పట్టేంత పెద్దది చేశాడు. ఆవిడ ఒక్కో అక్షరం వేలితో తడుముతూ చదువుకుంది. మేమిద్దరం ఆవిడ కళ్ళలో నీళ్ళొస్తాయని ఎదురుచూస్తున్నాం.

"ఉత్త లస్మిని అని వేశారే" అంది. "ముందు 'బు' ఏదీ? పెద్దదాన్ని పేరు పెట్టి పిలుస్తారా? వాళ్ళిళ్ళల్లో పెద్దవాళ్ళు లేరా?"

వాళ్ళ దేశాల్లో అలా పిలుచుకోవడం మామూలేనని నేను సర్దిచెప్పబోయాను. పాక్ యార్తో నా వైపు కోపంగా చూశాడు. ఆయనకు కోపం రావడం నేను అదే మొదటిసారి చూడటం. అప్పటికప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని, నిఘంటువు తెచ్చుకుని, జాబితాలో ఒక తప్పు దొర్లిందని, అది మా ఊళ్ళో చాలా పెద్ద తప్పని, వెంటనే దిద్దవలసిందని ఉత్తరం రాశాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా జవాబొచ్చింది. క్షమించమన్నారు. 'బు' చేర్చారు.

కబురంపితే బు లస్మిని వచ్చి కూర్చుంది. పేజీ మళ్ళీ తెరిచాం. "ఆఁ, ఇప్పుడు చదువుతాను" అంటూ కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకుంది.